కొత్త ఫోనూ, పాత స్కీమూ, దొరబాబు గారూ

కొత్త ఫోను చేతికొచ్చాక కూడా పాత స్కీములోనే ఉండిపోవడంలో ఉన్న సుఖం ఇంకెందులోనూ లేదని ఈ వారం నిరూపించబోతున్నాను. నవ్వకండి. ముందు వినండి.

మా బావమరిది విజయ్ పాల్ మస్కట్ నుంచి వస్తూ నాకో సెల్‌ఫోను తెచ్చాడు. దానికి ఏ లాకూ లేదట, ఏ కంపెనీ సిమ్ము వేసినా పలుకుతుందట. కెమెరా, పాటలు, ఇంటర్నెట్టు, చీకట్లో చెప్పులు వెతుక్కోడానికి టార్చీ. అంతటి ఫోనులో నేను నా పాత సిమ్మే వేశాను. విజయ్ పాల్ మొహం మాడ్చుకున్నాడు. "ఏంటి బావగారూ, కొత్త ప్లాను తీసుకోవచ్చు కదా," అన్నాడు.

తీసుకోను! నా పాత స్కీములో ఒక్క నంబరుకు జీవితాంతం ఫ్రీ. మిగతా ఏ నంబరుకు చేసినా, మా ఇంటి ల్యాండ్‌లైనుతో సహా, నిమిషం తిరిగేసరికి గుండె దడ. ఆ ఫ్రీ నంబరేదో కనెక్షను తీసుకున్నరోజే చెప్పెయ్యాలి, మళ్లీ మార్చడం కుదరదు. అప్పట్లో మా ఊళ్లో నేను కాక సెల్లున్న మనిషి దొరబాబు గారొక్కరే. నేను ఆయన నంబరు ఇచ్చాను, ఆయన నాది ఇచ్చారు.

ఇప్పుడు నాకూ దొరబాబు గారికీ మాటల్లేవు.

కారణం చిన్నదేం కాదు. ఆయన కూతురి పెళ్లికి ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకులు మొదటి బంతితోనే అయిపోయాయి. నేను రెండో బంతి. మజ్జిగ వడ్డించేదాకా ఆశతో కూర్చున్నాను. గోదావరి నీళ్లు తాగినవాడెవడైనా దీన్ని క్షమిస్తాడా? చెయ్యి కడుక్కుంటూ, "మీతో ఇక మాట్లాడనండి," అన్నాను. వియ్యంకుడి ముందు ఆయనకు తల కొట్టేసినట్టయింది. "నేనూ మాట్లాడనండి," అన్నారు. మర్యాదలో మాత్రం ఎవరం తగ్గలేదు.

మేం మానేశాం సరే, స్కీము మానదు కదా?

సాయంత్రం ఆఫీసయ్యాక సామర్లకోట స్టేషన్లో నా ప్యాసింజరు లేటు. ఇంట్లో చెప్పాలి. ఫ్రీ నంబరు నొక్కుతాను.

"దొరబాబు గారూ, నేను మీతో మాట్లాడటం లేదండి. రైలు లేటని మా దీనమ్మతో చెప్పండి."

"నేనూ మాట్లాడటం లేదండి. ఎంత లేటేంటి?"

ఆయన రెండు వీధులు నడిచి వెళ్లి, మా ఆవిడతో చెప్పి, తిరిగి నాకు చేస్తారు. "చెప్పానండి. కాకరకాయలు తెమ్మన్నారు. ఎందుకొచ్చిన చేదండి, దొండకాయలు తీసుకురండి." అక్కణ్నించి దొండకాయ వేపుడు, ఆయన మోకాలి నొప్పి, కాలవకు ఇంకా వదలని నీళ్లు. రైలు వచ్చేదాకా మేమిద్దరం అలా మాట్లాడుకోకుండా ఉంటాం.

ఇక కెమెరా సంగతి. నా అరెకరం చేలో వరి ఎండిపోతుంటే ఫొటో తీశాను. ఫొటోలు పంపే వసతి పాత స్కీములో లేదు. అందుకని దొరబాబు గారి గేటు దగ్గరకెళ్లి, ఫోను పట్టుకుని చెయ్యి లోపలికి చాచాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూసి, తన సెల్లు తీశారు. నా చేతిలోది మోగింది.

"సుడిదోమండి అది. మందు కొట్టించండి."

"ఏ మందండి?"

గేటుకు ఇటు నేను, అటు ఆయన, మధ్యలో బంతిపూల కుండీ. అటుగా వెళ్తున్న మా దీనమ్మ ఆగి, "మీ ఇద్దరికీ సిగ్గు లేదా అండీ," అంది. సిగ్గు ఉండబట్టే కదా ఫోనులో మాట్లాడుకుంటున్నాం!

పోయిన నెల కంపెనీ నుంచి మెసేజి వచ్చింది. పాత స్కీము రద్దట. ఇకపై అన్ని నంబర్లకూ ఒకటే రేటట, అదీ కారుచవక. విజయ్ పాల్ మస్కట్ నుంచి పనిగట్టుకుని ఫోను చేశాడు. "ఇక మీరు ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చు బావగారూ."

ఎవరితో? మర్నాడు రైలు లేటైతే నేరుగా ఇంటికే చేశాను. దీనమ్మ "సరే" అని పెట్టేసింది. పని అయిపోయింది. స్టేషను బల్ల మీద కూర్చుని ఏం చెయ్యాలో తోచలేదు. బయటికెళ్లి కాకరకాయలు కొన్నాను. వద్దనే మనిషి లేడు.

దొరబాబు గారికి చెయ్యొచ్చు కదా అంటారు మీరు. ఎలా చేస్తానండి? ఫ్రీ కాబట్టి చేశానని చెప్పుకునే వీలు పోయింది. ఇప్పుడు చేస్తే, కావాలని చేసినట్టే కదా! స్కీము తీసేసేముందు కంపెనీ వారు ఈ మాట ఆలోచించారా? ఊళ్లో పౌరుషం గల మగాళ్లు ఏమైపోవాలి?

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, నడుం వాల్చాను. ఫోను మోగింది.

"మీతో మాట్లాడటానికి కాదండి," అన్నారు దొరబాబు గారు. "మీ రైలు లేటేమో కనుక్కుందామని."

ఆదివారం నాకు ఆఫీసూ లేదు, రైలూ లేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు.

"లేటేనండి," అన్నాను. "బాగా లేటు. మా ఇంట్లో చెప్పి వెళ్లండి."

"బయల్దేరానండి. ఫోను పెట్టెయ్యకండి."

పెట్టలేదు. ఆయన చెప్పులు రెండు వీధులు దాటి మా గుమ్మం దాకా వచ్చేవరకూ వింటూనే ఉన్నాను.