బల్ల మీద పూర్తయిన రైల్వే లైను

"ఈ నమూనాను పూర్తి చెయ్యాలా, పడగొట్టి మళ్ళీ కట్టాలా అన్నది సామాన్యమైన ప్రశ్న కాదు. తరతరాల భవిష్యత్తు దీని మీదే ఆధారపడి ఉంది!" అని కొత్త రవాణా మంత్రిగారు ప్రకటించారు. కెమెరాలు తళుక్కుమన్నాయి.

ఆ భవిష్యత్తు మంత్రిగారి ఆఫీసు హాల్లో, పద్దెనిమిదడుగుల బల్ల మీద ఉంది. రేవు నుంచి కొండ మీది ఊరి దాకా వెయ్యబోయే రైల్వే లైనుకి అది బుల్లి నమూనా. నమూనాల మేస్త్రి తొమ్మిదేళ్ళుగా అగ్గిపుల్లలంతేసి చెక్కలు ఒక్కొక్కటే అతికిస్తూ కట్టుకొచ్చాడు. ఈలోగా ముగ్గురు మంత్రులు మారారు. మేస్త్రి కళ్ళద్దాలు నాలుగుసార్లు మారాయి. అసలు లైను మాత్రం చెక్కుచెదరలేదు. వేస్తే కదా చెదరడానికి!

"ఇంకెంత మిగిలింది?" అని కార్యదర్శి మేస్త్రిని అడిగాడు.

"రెండడుగుల పట్టాలు సార్. మూడు రోజుల పని."

"గట్టిగా అనకయ్యా!" కార్యదర్శి అదిరిపడ్డాడు. "పూర్తి చేస్తే పేరు పాత మంత్రిది. పడగొడితే శంకుస్థాపన మనది."

మంత్రిగారు తొందరపాటు ఎరగని మనిషి. కమిటీ వేశారు. ఐదుగురు సభ్యులు బల్ల చుట్టూ గంభీరంగా తిరిగారు.

"సొరంగంలో వెలుతురేదీ?" అన్నాడు అధ్యక్షుడు.

"సొరంగం కదండీ," అన్నాడు మేస్త్రి.

"ప్రభుత్వ సొరంగం!" అని అధ్యక్షుడు రాసుకున్నాడు. "మరి ఈ కొండలెందుకు?"

"అక్కడ ఉన్నాయండీ."

"ఉన్నవన్నీ చూపించాలని రూలుందా?"

ఆ పూట మేస్త్రి అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. "బల్ల కింద పడుకుని వైర్లు లాగి లాగి నడుం విరగ్గొట్టుకున్నాను. ఒక్కసారి రైలు చివరిదాకా వెళ్ళడం చూస్తే చాలే," అన్నాడు భార్యతో.

"తొమ్మిదేళ్ళూ వాళ్ళేమైనా సాయం పట్టారా? మూడు రోజుల పనికి ఇప్పుడు వాళ్ళనడగడం దేనికండీ?" అందావిడ.

కమిటీ అధ్యయనం కోసం విదేశాలకు వెళ్ళింది. మేస్త్రి పని కానిచ్చాడు. స్విచ్చి నొక్కాడు. బుల్లి రైలు రేవులో కూతపెట్టి, వంతెన దాటి, సొరంగంలో దూరి బయటపడి, కొండ మీది స్టేషన్లో బుద్ధిగా ఆగింది. మేస్త్రి కళ్ళు చెమర్చాయి. వెనక నుంచి చప్పట్లు వినిపించాయి. మంత్రిగారు!

"పడగొట్టించేస్తారా సార్?" అన్నాడు మేస్త్రి బిక్కచచ్చిపోయి.

"పిచ్చివాడా! రిబ్బను కత్తిరించినవాడే కట్టినవాడు. కత్తెర తెప్పించు."

సాయంత్రానికల్లా రేవు నుంచి కొండ దాకా రైల్వే లైను పూర్తయినట్టు ప్రకటన వెలువడింది. మర్నాడు అసలు లైను ఫైలు మీద 'పూర్తయినది' అని ముద్ర పడింది. కొండ మీద పాతిన సర్వేరాళ్ళు పీకేశారు.

పదోనాడు ఆ కొండ ఊరివాళ్ళు నలభై మంది మంత్రిగారి ఆఫీసుకి దిగారు. కార్యదర్శి వెనక గుమ్మం గుండా జారుకున్నాడు. దొరికినవాడు మేస్త్రి ఒక్కడే. తన్నులు తప్పవనుకున్నాడు.

వాళ్ళు మాత్రం చెప్పులు బయటే విడిచి, బల్ల చుట్టూ చేరి, "ఓసారి నడుపు బాబూ," అన్నారు. నడిపాడు. రైలు తమ ఊళ్ళో ఆగేదాకా అందరూ బల్ల పక్కన దాని వెంటే నడిచారు.

వాళ్ళ పెద్దాయన ముందుకొచ్చాడు. "రైలు ఖాళీగా తిరుగుతోంది నాయనా. ఆ స్టేషన్లో మావాళ్ళని నిలబెట్టు. కింద రేవులో ఆస్పత్రికి వెళ్ళాల్సినవాళ్ళని ముందు."

మేస్త్రి పెన్సిలు తీశాడు. "ఎంతమంది?"

"ఇవాళ్టికైతే పదకొండు మంది."