ఫ్యాను కింద ఉజ్జీవం

మా ప్రొటెస్టెంటు శాఖలో ఉజ్జీవం రావాలని, అంటే చల్లారిన భక్తి మళ్ళీ రాజుకోవాలని, ప్రధాన కార్యాలయం ఏకగ్రీవంగా తీర్మానించింది కాబట్టి ఇక అది రాక తప్పదు. (ఒక పెద్దాయన వ్యతిరేకంగా చెయ్యెత్తారు గానీ, ఆవులింత వచ్చి ఒళ్ళు విరుచుకున్నారని విచారణలో తేలింది.) తీర్మానం వెనకే సర్క్యులరు కూడా వచ్చింది. ఏడాది తిరిగేలోగా ఒక్క కొత్త సభ్యుణ్ణయినా చేర్చుకోలేని చర్చికి తాళం వేసి, ఆ సంఘాన్ని పక్క వీధి సంఘంలో కలిపేస్తారట.

ఈ కబురు వినగానే నాకు బెంగ పట్టుకుంది. విశ్వాసం సంగతి దేవుడు చూసుకుంటాడు, నా బెంగంతా నా సీటు గురించి. మూడో బెంచీ, గోడ పక్కన, సరిగ్గా ఫ్యాను కింద. మా నాన్నగారు కూర్చున్న చోటు. పక్క వీధి చర్చిలో అలాంటి సీటు నాకెవరిస్తారు? అందుకే ఆహ్వాన కమిటీ అధ్యక్ష పదవికి ఎవరూ అడక్కముందే ఒప్పేసుకున్నాను. 'స్వాగతం' అని రాసిన బ్యాడ్జి పెట్టుకుని, ఆదివారం ఆదివారం గుమ్మంలో నిలబడి నవ్వాను. వచ్చేవాళ్ళంతా పాతవాళ్ళే. "ఏంటి, కొత్త పళ్ళు కట్టించుకున్నావా?" అని పలకరించి లోపలికి పోయేవారు.

చివరికి ఒకమ్మాయి వచ్చింది. నర్సు. రాత్రి డ్యూటీ దిగి ఆసుపత్రి బట్టలతోనే వచ్చేసింది. నేరుగా వెళ్ళి మూడో బెంచీలో, ఫ్యాను కింద కూర్చుని కళ్ళు మూసుకుంది.

"వందనాలమ్మా! మా సంఘానికి స్వాగతం," అన్నాను చేతులు జోడించి. "కొంచెం వెనక్కి వెళ్తారా? ఇది మా నాన్నగారి సీటు."

"అయ్యో, ఆయన వస్తున్నారాండీ?"

"లేదమ్మా. పోయి చాలా కాలమైంది."

ఆ అమ్మాయి నన్నొకసారి చూసి లేచింది. వెనక బెంచీ పాటలవాళ్ళది. (పాటలవాళ్ళంటే ఇప్పుడు ఒక్కరే, అయినా బెంచీ బెంచీయే.) దాని వెనకది సంఘపెద్ద గారి చెల్లెలిది. ఆవిడకంటే ముందే ఆవిడ సంచి వచ్చి కూర్చుంటుంది. అందరూ ఎంతో ప్రేమగానే లేపారు. ఆఖరికి గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కునుకు పట్టిందో లేదో, పాస్టరు గారు మైకులో పిలిచి, చప్పట్లు కొట్టించి, దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నారు.

"కాసేపు ఎవరూ పిలవని చోట కూర్చుందామని వచ్చానండీ," అంది.

మళ్ళీ రాలేదు.

"ఈ కాలం పిల్లలకి భక్తి లేదు," అన్నాను ఇంటికొచ్చి.

"మావయ్యగారే ఉంటే తనే లేచి ఆ పిల్లని కూర్చోబెట్టేవారు," అంది మా ఆవిడ. ఆ మాట నాకు చురుక్కున తగిలింది. నిజమే, కూర్చోబెట్టేవారు.

ఏడాది తిరిగింది, తాళం పడింది. ప్రధాన కార్యాలయం వార్షిక నివేదికలో పక్క వీధి సంఘానికి 'ఉజ్జీవం పొందిన సంఘం' అని ప్రశంస దక్కింది. ఆ ఉజ్జీవం అంటే మేమే.

మొదటి ఆదివారం పక్క వీధి చర్చికి పెందలాడే వెళ్ళాను. అక్కడా మూడో బెంచీ మీద ఫ్యాను ఉంది, కింద ఖాళీగా ఉంది. కూర్చున్నాక ప్రాణం కాస్త కుదుటపడింది. అంతలో బ్యాడ్జి పెట్టుకున్నాయన ఒకరు నవ్వుతూ వచ్చి చేతులు జోడించారు.

"వందనాలండీ! కొత్తగా వచ్చారా?"

ఆయన ఇంకో మాట అనకముందే నేను పాటల పుస్తకం తీసుకుని లేచి, గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీ ఏమైనా ఉందా అని చూశాను. ఉంది. దాని మీద ఎవరిదో సంచి ఉంది.