క్రోవెలమ్మగారి ముందుగదిపై దండయాత్ర

శ్రీమన్మసాచుసెట్స్ మహామండలమున, ఉప్పుచేపల పరిమళముచే దిగంతముల నింపు నొక రేవుపట్టణమున, క్రీస్తుశకము వెయ్యిన్నెనిమిదివందల యేబదియెనిమిదవ సంవత్సరమున, మార్చి మంచు కరగి వీధులు పంకిలములైన యొక శుక్రవారమున, చిత్రకళాకోవిదయు, త్రింశద్వర్షదేశీయయు, భర్తృరహితయు నగు థర్జా విల్కమ్ అను వీరాంగన, కుంచెలును యాపిల్‌పండ్లును గల బుట్టను ధరించి, తా నద్దెకున్న యటకగదినుండి యుద్ధమునకు దిగెను.

యుద్ధకారణ మెట్టిదనిన, ఆమె నీటిరంగుల యాపిల్ పటము రేపటికి పూర్తియైనచో బోస్టను వర్తకుడు కొనును. కానిచో ఆమె అన్నగారి యింట జీతములేని దాదియై ఆర్గురు పిల్లలను సాకవలెను. అన్నగారు దీనిని ఆశ్రయ మనుచుండెను. ఆహా, ఎంత దయామయుడు! చిత్రరచనకు వలయు నిలుకడగల ఉత్తరపు వెలుగో, తా నద్దెకున్న యింట ముందుగదికే కలదు. అది తివాచీ వెలిసిపోవునను భయమున సదా తెరలు దించి యుంచబడిన దుర్భేద్యదుర్గము. యజమానురాలు, విధవాశిరోమణి మెహిటబుల్ క్రోవెల్, అందు చీకటిలోనే దుమ్ము దులుపుచుండెను.

"ఏమ్మా థర్జా, ఆ బుట్టతో ఎక్కడికి?"

"ఒక్క తెర ఎత్తండి అమ్మగారూ! సాయంత్రానికల్లా బొమ్మ అయిపోతుంది."

"ఇంకా నయం! మా ఆయన ముచ్చటపడి కొన్న తివాచీ. ఎండ తగిలితే గులాబీలు వెలిసిపోవూ?"

"అది ఉత్తరం కిటికీ అండీ! మార్చిలో ఎప్పుడైనా అటు ఎండొచ్చిందా?"

"రాలేదు. ఇవాళొస్తే?"

ఈ తర్కబ్రహ్మాస్త్రమును ప్రయోగించి క్రోవెలమ్మ మరల దుమ్ము దులుపసాగెను.

"అయినా ఈ తెరలెత్తేది పెళ్లికీ, చావుకీ. పెళ్లా, నువ్వు చేసుకోవు. నీ వయసుకి నాకు ముగ్గురు పిల్లలు!"

"అయితే రెండోదే కానివ్వండి."

అని పలికి, ఆ రణధీర సోఫాపై వెల్లకిల శయనించి, కరయుగళమును వక్షమున జేర్చి, నేత్రములు మూసెను.

"ఇదేం చోద్యమే తల్లీ! లే!"

"చచ్చినవాళ్లు లేస్తారా? తెర ఎత్తండి, వచ్చినవాళ్లు నా ముఖం చూసుకోవద్దూ?"

అంతలో వీధితలుపు దబదబ మ్రోగెను. "మెహిటబుల్! ఇంట్లో ఉన్నావా?" అని పొరుగింటి ఇల్లాలి గొంతు వినవచ్చెను. ఈ వింత చూచినచో ఆమె ఊరెల్ల చాటునని క్రోవెలమ్మ కిటికీకడకు పరుగిడెను.

"ఎత్తుతున్నా, ఎత్తుతున్నా! జానెడే సుమా! ముందు నువ్వు లే, నీకు పుణ్యముంటుంది!"

తెర జానెడు లేచెను. శవము దిగ్గున లేచి కుంచె పట్టెను. ఆ వెలుగు మూడు పండ్లకే చాలినందున, నాల్గవదానిని కొరికి తినుచు చిత్రించెను. సంధ్యకు ముందే పటము పూర్తియయ్యెను.

ఇట్లు, బ్రతికి యడిగినచో దొరకని వెలుగును చచ్చి జానెడు గెలిచిన థర్జా విల్కమ్‌కు జయము! జయము! దిగ్విజయము!