రద్దీ లేని రోజు

వినోదాల పార్కుకు వెళ్ళగోరు కుటుంబీకులందరికీ తెలియజేయడమేమనగా, ఏడాది మొత్తం మీద అందుకు అనువైన రోజు ఒకే ఒక్కటున్నది. దాన్ని కనిపెట్టిన ఘనత నీటి సరఫరా కార్యాలయంలో సెలవుల సెక్షన్ సూపరింటెండెంటు గారిది. ఈ శాస్త్రంలో ఆయనను మించిన పండితుడు ఊళ్ళో లేడు. ఆయన ఇంతవరకూ ఏ పార్కు గడపా తొక్కి ఎరగడు గనుక, ఆయన అభిప్రాయాల్లో పక్షపాతానికి తావు లేదు.

జనం వెళ్ళనప్పుడు మనం వెళ్ళాలి అన్నది ఆయన సిద్ధాంతం. ఈ మాట ఎవరైనా అంటారు. జనం ఎప్పుడు వెళ్ళరో చెప్పాలంటే మాత్రం సెలవుల సెక్షన్లో జుట్టు నెరవాలి. ఎవరు ఏ కాలంలో ఏ వంక పెట్టి సెలవడుగుతారో ఆయనకు కొట్టినపిండి. ఎవరి అత్తగారు ఏ నెలలో మంచం పడుతుందో ఆ అల్లుడికన్నా ముందు ఈయనకే తెలిసేది. అంతటి అనుభవాన్ని ఆయన తనలోనే దాచుకునే స్వార్థపరుడు కాడు. రోజూ మధ్యాహ్నం క్యాంటీన్లో, టీ చల్లారిపోతున్నా లెక్కచేయకుండా, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ విడమరిచి చెప్పేవాడు.

ఎండాకాలం పనికిరాదు, బడులన్నీ పార్కులోనే ఉంటాయి. వానాకాలం పనికిరాదు, తడుస్తాం. తడవడానికే కదండీ అక్కడికి వెళ్ళేది అని కొత్తగా చేరిన టైపిస్టు అమ్మాయి తెలియక అడిగింది. "డబ్బులిచ్చి తడవడం వేరు, ఊరికే తడవడం వేరమ్మా" అని ఆయన శాంతంగా వివరించాడు. చలికాలంలో పొద్దు తొందరగా గుంకుతుంది, టిక్కెట్టు మాత్రం తగ్గదు. ఆదివారం అందరూ వస్తారు. సోమవారం నాడు, ఆదివారం జనాన్ని చూసి భయపడినవాళ్ళంతా వస్తారు.

ఇలా జల్లెడ పట్టగా పట్టగా జల్లెడలో ఏమీ మిగలకపోవడం వల్ల, ప్రయాణం ఏ ఏటికాయేడు వచ్చే ఏటికి వాయిదా పడుతూ వచ్చింది. వాయిదా వేయడం వృత్తి కావడం చేత ఆయనకు ఇంట్లో కూడా అది పెద్ద శ్రమ అనిపించలేదు.

శ్రమంతా ఆయన కూతురిది. ఇంట్లో చిట్టి అని పిలుస్తారు. ఆ పార్కులో బాతు పడవలని ఉన్నాయి. చిన్న కాలవ, అందులో పసుపుపచ్చ బాతుల్లాంటి పడవలు, ఒక్కో దాంట్లో ఒక్కో పిల్ల. కాలవ ఒడ్డున ఒక చెక్క బాతును నిలబెట్టారు. దాని ముక్కు కింద నుంచి తల తగలకుండా నడిచి వెళ్ళగలిగిన పిల్లలకే పడవ. తల తగిలిందా, పెద్దవాళ్ళ జాబితాలో చేరినట్టే. పక్కింటి పిల్ల ఎక్కి వచ్చి ఆ పడవ ఎలా ఊగుతుందో, బాతు తోక ఎలా ఆడుతుందో రోజుకో రకంగా చెప్పింది. చిట్టికి అప్పటినుంచీ ఇంకో కోరిక లేదు. పిల్లలన్నాక ఎదుగుతారు. బాతు ఎదగదు.

ఎదగకుండా ఉండడానికి ఆ పిల్ల చేయని ప్రయత్నం లేదు. పాలు మానేసింది. రాత్రి కాళ్ళు ముడుచుకుని పడుకునేది. చుట్టాలెవరైనా వచ్చి "అబ్బో, ఎంత పొడుగైపోయావే!" అని ముచ్చటపడితే గదిలోకి పోయి ఏడ్చేది. బళ్ళో నిటారుగా నిలబడమంటే నిలబడటం లేదని టీచరు తల్లిని పిలిపించింది.

"ఏమండీ, మీరు రోజు వెతికేలోపు పిల్ల వీపు వంగిపోయేట్టుంది. ఏదో ఒక ఆదివారం పోయొద్దామండీ. నాలుగ్గంటలు నిలబడితే నిలబడదాం" అంది భార్య.

"తొందరపడితే పని చెడుతుందే. జనంలో పడి తొక్కిసలాడటానికి మనమేం తెలివితక్కువవాళ్ళమా?"

"తెలివైనవాళ్ళం కాబట్టే ఇంట్లో కూర్చున్నాం. తెలివితక్కువవాళ్ళ పిల్లలు రెండేసి సార్లు ఎక్కొచ్చారు."

ఈ మాట సూపరింటెండెంటుకు గుచ్చుకుంది. కూతురంటే ఆయనకు ప్రాణం. ఆ రాత్రి నిద్రలో ముడుచుకున్న చిట్టి కాళ్ళను మెల్లగా సాగదీయబోతే, ఆ పిల్ల నిద్రలోనే మళ్ళీ ముడుచుకుంది. ఇక లాభం లేదని ఆయన నడుం కట్టాడు. వారం తిరక్కుండానే రోజు దొరికింది. బడులు తెరిచిన తరువాత, పరీక్షలు రాకముందు, ఎండ తగ్గి వాన ఇంకా పట్టుకోని సందులో, నెల నడిమిన ఒక మంగళవారం. ఆ రోజున పార్కుకు రావడానికి భూప్రపంచంలో ఎవరికీ కారణం లేదు. గోడకు బాతు ఎత్తున గీత గీసి చిట్టిని నిలబెట్టి చూశారు. వేలు మందం సందుంది. ఇంకో ఏడాదికి ఉండదని ఇంటిల్లిపాదికీ తెలుసు.

అయితే మహానుభావులకు చివరి నిమిషంలో చిన్న భయం పుడుతుంది. తన ఆఫీసులోనే ఎవడైనా ఆ మంగళవారం సెలవు పెడితే? సెలవు పెట్టినవాడు పార్కుకే వస్తే? ముందుజాగ్రత్తగా ఆయన నోటీసు బోర్డు మీద ఒక ఉత్తర్వు అంటించాడు. "ప్రజా ప్రయోజనాల దృష్ట్యా, సదరు మంగళవారం నాడు ఏ ఒక్కరికీ, ఏ కారణం చేతనైననూ సెలవు మంజూరు చేయబడదు."

ఆ ఉత్తర్వు చూసి పెద్దాఫీసరు కదిలిపోయారు. సిబ్బందినందరినీ హాల్లోకి పిలిపించి ప్రసంగించారు. "నీరు అనగా జీవము. జీవమును సరఫరా చేయు మనము సెలవు గురించి ఆలోచించుట జీవద్రోహము. ఈ సూపరింటెండెంటు గారిని చూసి నేర్చుకోండి. ప్రజల దాహము తప్ప ఈయనకు వేరే ధ్యాస లేదు!" చప్పట్లు చాలాసేపు మోగాయి. సూపరింటెండెంటు తలవంచుకుని, ఆ రోజు తను ఏ జబ్బు చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు.

ఇక్కడ ఆ కార్యాలయపు ఆచారం ఒకటి మనవి చేయాలి. మామూలు సెలవుకు సూపరింటెండెంటు సంతకం కావాలి. జ్వరానికి అక్కర్లేదు. పొద్దున్నే ఆఫీసుకు ఫోన్ చేసి మూలిగితే చాలు. డాక్టరు చీటీ తరువాత తెచ్చుకోవచ్చు. ఆ చీటీలు రాసే డాక్టరు చాలా దయగలవాడు. రోగిని చూసి ఇబ్బంది పెట్టడు.

క్యాంటీన్లో అన్నేళ్ళ పాఠాలు విన్న సిబ్బంది, ఉత్తర్వు ముందు నిలబడి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నిప్పు లేనిదే పొగ రాదు. ఏ రోజూ లేనిది ఈ ఒక్క మంగళవారానికి ఎందుకింత కాపలా? ఈయన ఎవరినీ కదలనివ్వడం లేదంటే ఆ రోజే మంచి రోజు! ఎవరూ పైకి ఒక్క మాట అనలేదు. ఇంటికి వెళ్ళి భార్యలకు మాత్రం చెప్పారు, ఎవరికీ చెప్పొద్దని. భార్యలు అన్నదమ్ములకు చెప్పారు, ఎవరికీ చెప్పొద్దని. ఆ అన్నదమ్ముల్లో ఒకడు బ్యాంకులో పనిచేస్తాడు, ఒకడు బళ్ళో, ఒకడు బస్సు డిపోలో.

మంగళవారం పొద్దున సూపరింటెండెంటు మంచం మీద కూర్చుని, గొంతులోకి నీరసం తెచ్చుకుని ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఎంతసేపు మోగినా ఎవరూ ఎత్తలేదు. అబద్ధం ఆడాల్సిన పని కూడా తప్పిందని సంతోషించాడు. చిట్టికి జ్వరమని బడికి కబురు పెట్టారు. దారిలో బస్సులు కాస్త తక్కువగా తిరుగుతుంటే, రద్దీ లేని రోజంటే ఇదే మరి అని భార్యకు చూపించాడు.

పార్కు ముందు వరుస రోడ్డు మలుపు దాకా ఉంది.

మనుషులన్నాక ఎదురెదురు పడతారు, పలకరించుకుంటారు. ఆ రోజు అలాంటిదేమీ జరగలేదు. అందరూ దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డారు. పెద్దాఫీసరు నల్లకళ్ళజోడు పెట్టుకుని, కూతురి టోపీ నెత్తికి తగిలించుకుని ఉన్నారు. ఆయన సూపరింటెండెంటును చూడలేదు. సూపరింటెండెంటు ఆయనను అస్సలు చూడలేదు. జ్వరం చీటీల డాక్టరు ఐస్‌క్రీం తింటూ, తన రోగులు ఎదురైనప్పుడల్లా ఆకాశం చూశాడు. చిట్టి టీచరు ఒక్కతే తప్పించుకోలేక దొరికిపోయింది.

"జ్వరం తగ్గిందా చిట్టీ?" అంది.

"తగ్గింది టీచర్. మీకో?"

ఆ తరువాత టీచరు కూడా ఎవరినీ చూడలేదు.

ఎట్టకేలకు బాతు పడవల దగ్గరికి చేరారు. చిట్టి చెక్క బాతు ముక్కు కింద నుంచి ఊపిరి బిగబట్టి నడిచింది. తల తగల్లేదు. వెనక్కి తిరిగి నాన్న వైపు చూసి నవ్వింది. అన్ని వాయిదాలూ ఆ నవ్వుతో చెల్లిపోయాయనిపించి ఆయన కళ్ళు చెమర్చాయి. చిట్టి ముందు ఇద్దరే పిల్లలున్నారు.

అంతలో పడవలు ఆగాయి. కాలవలో నీళ్ళు అడుగంటాయి, బాతులు బురదలో కూర్చున్నాయి. మైకు గరగరమంది. "ప్రియమైన అతిథులారా! ఈ రోజు నీటి సరఫరా కార్యాలయంలో సిబ్బంది ఎవరూ లేనందున పొద్దుటినుంచీ ఊరికి నీళ్ళు వదల్లేదు. మా ట్యాంకు ఖాళీ అయింది. చింతిస్తున్నాము."

జనం భగ్గుమన్నారు. అందరికన్నా ముందు భగ్గుమన్నది నీటి సరఫరా కార్యాలయమే. "పనిదొంగలు! జీతాలు తీసుకోడానికి సిగ్గుండాలి!" అని పంపుల సెక్షన్ మొత్తం అరిచింది. పెద్దాఫీసరు ఆగలేక ఒక బెంచీ ఎక్కారు. కళ్ళజోడు తీయలేదు. "నీరు అనగా జీవము! బాధ్యత ఎరుగని ఆ ఉద్యోగుల మీద కఠిన చర్య తీసుకోవలెనని ఒక సామాన్య పౌరుడిగా నేను డిమాండు చేయుచున్నాను!" చప్పట్లు ఆఫీసు హాల్లోకన్నా గట్టిగా మోగాయి.

చిట్టి ఒడ్డున నిలబడి బురదలోని బాతును చూస్తోంది. అరుపులు వినబడటం లేదు ఆ పిల్లకు.

"మీ ఆఫీసులో ఊరికి నీళ్ళు వదిలే వాల్వు తిప్పే అతను ఎక్కడున్నాడో కనుక్కోండి" అంది భార్య పళ్ళ బిగువున.

కనుక్కోవాల్సిన పని లేదు. వాల్వు ఆపరేటరు వాళ్ళ వెనకే, కొడుకును భుజాల మీద ఎక్కించుకుని నిలబడి ఉన్నాడు. సూపరింటెండెంటు అతని వైపు చూడకుండా, గాలితో అన్నాడు. "మీరెవరో నాకు తెలీదు గానీ, ఎవరైనా వెళ్ళి ఆ వాల్వు తిప్పితే పుణ్యముంటుంది."

ఆపరేటరు కూడా గాలితోనే అన్నాడు. "మీరెవరో నాకూ తెలీదు గానీ సార్, అదెంతసేపు! ఇట్టే వెళ్ళి అట్టే వచ్చేయొచ్చు. కానీ జ్వరమని పడుకున్నవాడు లేచొచ్చి వాల్వెలా తిప్పాడని రేపు ఒకాయన అడుగుతాడు. చాలా గట్టివాడు సార్ ఆయన. మీలాగే ఉంటాడు."

నిజమే, అడుగుతాడు. అడక్కపోతే ఆ సెక్షన్‌కి పరువేముంటుంది? పోనీ, అడగను వెళ్ళిరా అందామంటే, తను కూడా జ్వరంలో ఉన్నాడాయె. జ్వరంలో ఉన్న సూపరింటెండెంటు జ్వరంలో ఉన్న ఆపరేటరుకు అనుమతి ఇవ్వడానికి నిబంధనల్లో వీల్లేదు. తనే పోయి పెద్దాఫీసరు కాళ్ళు పట్టుకుందామా అనుకుని ఒక అడుగు వేశాడు. కూతురి మొహం చూసి రెండో అడుగూ వేశాడు. బెంచీ మీద కళ్ళజోడు తన వైపు తిరిగేసరికి ఆయన కాళ్ళు వాటంతటవే వెనక్కొచ్చాయి. తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినా అక్కడే నిలబడ్డాడు.

చిట్టి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "ఈ అంకుల్ వెళ్తే నీళ్ళొస్తాయి కదా నాన్నా?"

"వెళ్ళకూడదమ్మా. అంకుల్‌కి జ్వరం."

చిట్టి ఆపరేటరు చెయ్యి పట్టుకుని చూసింది. తరువాత నాన్న చెయ్యి చూసింది. అంత జనంలోనూ స్పష్టంగా, చాలా గట్టిగా అంది. "చల్లగానే ఉన్నాయి. ఇద్దరికీ జ్వరం లేదు. ఇక్కడ ఎవరికీ లేదు. వెళ్ళి నీళ్ళు వదలండి!"

అరుపులు ఆగిపోయాయి. పెద్దాఫీసరు బెంచీ దిగారు. డాక్టరు ఐస్‌క్రీం కరిగి మోచేతి దాకా కారింది. అప్పటిదాకా ఒకరినొకరు ఎరగని ఆ పెద్దలంతా అప్పుడే మొదటిసారి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సూపరింటెండెంటు కూడా ఆశగా చూశాడు. ఎవరో ఒకరు కదులుతారనుకున్నాడు.

"ఈ కాలం పిల్లలకు పెద్దలంటే బొత్తిగా గౌరవం లేదండీ" అంది వరుసలోంచి ఒక గొంతు.

"అవునవును, పెంపకం!" అన్నారు అందరూ, ఊపిరి పీల్చుకుని.

ఆ మొదటి గొంతు ఎవరిదో సూపరింటెండెంటుకు కనబడలేదు. అచ్చం మీ గొంతులాగే ఉందని ఆయన ఇప్పటికీ అంటుంటాడు. మేము నమ్మలేదు లెండి. ఆ మంగళవారం మీరు ఆఫీసులోనే ఉన్నారు కదా.