ముక్కుగారు బోర్లించిన కప్పులు

ఆ ఉదయం ముక్కుగారి పథకం చిన్నదే. ముక్కులో మందు కొట్టుకోవాలి, ఆఫీసుకెళ్లి వరసగా పెట్టిన టీ కప్పులు రుచి చూసి సరుకుని అమ్మకానికి వదలాలి, తన ముక్కు పనిచెయ్యడం లేదన్న సంగతి ఎవరికీ తెలియకుండా ఇంటికొచ్చి పడుకోవాలి. నెల్లాళ్లుగా ఆయన బతుకు ఈ మూడో పనిమీదే నడుస్తోంది.

ఆయన ఒక టీ కంపెనీలో రుచి చూసే మనిషి. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు; వాసనతోనే సరుకు మంచిచెడ్డలు చెప్పేసే ఆ ముక్కే ఆయన పేరైపోయింది. అంతటి ముక్కు దుమ్ము పడక దిబ్బడేసి కూర్చుంది. ఏ కప్పు మీదికి వంగినా వేడినీళ్ల ఆవిరి తగలడమే గాని వాసన లేదు. రంగు చూసి, పాత అలవాటు కొద్దీ తలాడించి, సరుకు వదిలేస్తున్నారు. ఇది బయటపడితే రుచి చూసే గది కాస్తా కంపెనీ యజమానిగారి మేనల్లుడి పరమవుతుంది. అతను ఇప్పటికే గుమ్మంలో నిలబడి ఆ కుర్చీ వంక అదోలా చూస్తుంటాడు. ముక్కుగారికి తిండి సయించడం లేదు. ముక్కు లేకపోతే తను ఎవరన్నది ఆయనకే అంతుపట్టడం లేదు.

అద్దం ముందు తల వెనక్కి వాల్చి, కొత్త మందు సీసా గొట్టాన్ని ముక్కులో నిటారుగా దోపి, నొక్కి, ఒక్క పీల్పు పీల్చారు. చెంచాడు టీని నోరంతా చిమ్మేలా జుర్రడం ఆయన వృత్తి. ఇదీ అదే జోరుతో సాగింది. పక్కింటి కుక్క మొరిగింది.

"ఏమిటండీ ఆ జుర్రడం?" అంది భార్య గుమ్మంలోంచి. "తల కాస్త ముందుకి వంచమన్నారు కదా డాక్టరుగారు! గొట్టం చెవి వైపుకి తిప్పి, మెల్లగా పీల్చమన్నారు. మీరు వింటేగా!"

"పీల్చడం నాకు నేర్పుతున్నావా? ఇన్నేళ్లుగా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది ఆ పీల్పు మీదే!"

"మందు ముక్కులో ఉండాలండీ, గొంతులో కాదు."

ఆయన వినిపించుకోలేదు. చాల్లేదేమోనని ఆఫీసు మెట్ల దగ్గర ఆగి మరోసారి జుర్రారు.

ఆకాశం మసిగుడ్డలా ఉంది. రుచి చూసే గదిలో పొద్దున్నే దీపం వెయ్యాల్సొచ్చింది. మొదటి కప్పు నోట్లో పోసుకోగానే ముక్కుగారు ఉలిక్కిపడ్డారు. చేదు. రెండోదీ చేదు. మూడోది మరీ చేదు. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. నెల్లాళ్ల తర్వాత ఏదో ఒకటి తెలిసింది! ఆ సంబరంలో కప్పు తర్వాత కప్పు బోర్లించేశారు.

ఆ కంపెనీలో ఒక కట్టుబాటుంది. ముక్కుగారు కప్పు బోర్లిస్తే ఆ సరుకు కదలకూడదు, ఎందుకని అడగనూ కూడదు. ఏడాదికొక కప్పు బోర్లిస్తే గొప్ప. అలాంటిది ఆవేళ బల్లమీద ఒక్క కప్పూ నిలబడి లేదు.

కింద ప్యాకింగు ఆగిపోయింది. లారీలు వెనక్కి మళ్లాయి. నీళ్లు పాడయ్యాయని ట్యాంకు ఖాళీ చేయించారు. గోడౌన్ సూపర్‌వైజరు ఎవరూ అడక్కుండానే, "ఎలకల మందు ఆ మూల పెట్టిన మాట నిజమేనండీ, కానీ మూత తియ్యలేదు" అని బావురుమన్నాడు. చివరికి అందరూ కలిసి కప్పులు కడిగే ఆవిడ మీద పడ్డారు. సబ్బు సరిగ్గా వదల్లేదట, పనిలోంచి పొమ్మన్నారు.

యజమాని పరుగున వచ్చి ఒక గుక్క తాగి చాలాసేపు ఆలోచించాడు. "అవును, చివర్లో తగుల్తోంది చేదు" అన్నాడు. ఆ తర్వాత అందరికీ తగిలింది.

"నాకేం తెలీడం లేదే మావయ్యా!" అన్నాడు మేనల్లుడు.

"నీకెలా తెలుస్తుందిరా! ఆ నాలిక పెట్టుకునా ఈ గదిలో కూర్చుంటానన్నావు?"

ముక్కుగారు నోట్లో చేదు పోవాలని ఇంటినుంచి తెచ్చుకున్న సీసా ఎత్తి మంచినీళ్లు తాగారు. అవీ చేదే. చేదు టీలో లేదని అప్పుడు తెలిసొచ్చింది. సరిగ్గా అప్పుడే కప్పులు కడిగే ఆవిడ చీరకొంగుతో కళ్లొత్తుకుంటూ తన చెప్పులు వెతుక్కోవడం కనిపించింది. ఆయనకి సిగ్గుతో తల ఎత్తాలనిపించలేదు.

"ఆవిడ తప్పేం లేదండీ," అన్నారు యజమానితో. "చేదు నా నోట్లోనే ఉంది. అలర్జీ మందు గొంతులోకి దిగింది. నాకు వాసన తెలిసి నెల దాటింది."

యజమాని కళ్లు చెమర్చాయి. "చూశారా! ఆవిణ్ణి కాపాడ్డానికి ఇంత పెద్ద అబద్ధం! అమ్మా, నువ్వు పనిలోనే ఉండు. మీరు మాత్రం ఇంకొక్క మాట మాట్లాడకండి."

మరో రెండుసార్లు చెప్పబోయారు. వినే నాథుడు లేడు.

ఆ సాయంత్రం భార్య ముందు తలవంచుకుని నిలబడ్డారు. తల వంచడం ఎలాగూ అవసరమే. ముక్కు చీది, సీసా కుదిపి, ఎడమ ముక్కుకి కుడి చేయి, కుడి ముక్కుకి ఎడమ చేయి మార్చుకుంటూ, గొట్టాన్ని చెవి వైపుకి తిప్పి మెల్లగా పీల్చారు. గొంతులోకి చుక్క దిగలేదు.

"ఇవాళే పనిచెయ్యదు. రోజూ పడాలన్నారు," అంది భార్య.

రోజూ పడింది. ఒక తెల్లవారుజామున ఆయనకి మెలకువ రాగానే తడి మట్టి వాసన, తలగడ వాసన, పక్కన భార్య జుట్టులో నూనె వాసన ఒక్కసారిగా వచ్చి చేరాయి. ముక్కుగారు చిన్నపిల్లాడిలా ఏడ్చారు. వేళకి ముందే ఆఫీసుకి పరుగెత్తారు.

యజమాని ఎదురొచ్చి చేతిలో ఒక కప్పు పెట్టాడు. "పోయిన నెల మీరు వదిలిన సరుకిది. కొన్నవాళ్లు ఎగబడుతున్నారు. ఇదే కావాలట."

ముక్కుగారు వాసన చూశారు. తడిసిన గోనెసంచి కంపు.

"ఇది పాడైపోయిన టీ అండీ!"

"ఆ పాడైందే కావాలంటున్నారండీ. ఇకమీదట ఇలాంటిదే వదలండి. మంచిదేదైనా తగిలితే కప్పు బోర్లించెయ్యండి."

ఆ రాత్రి ఆయన కంచం ముందు కూర్చుని జరిగినదంతా చెప్పారు. ఆ కంపుని రోజంతా వాసన చూస్తూ ఎలా బతకడమని అడిగారు. భార్య లేచి, మందు సీసా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"రేపట్నించి తల వెనక్కి వాల్చి, గట్టిగా జుర్రండి."