నమ్స్రాయ్ జీపు వణుకు

ఆ రోజు పొద్దున్నే టీ తాగి, గొర్రెల్ని పక్క గుడారం వాళ్ళకి అప్పజెప్పి, నమ్స్రాయ్ పానా పుచ్చుకుని తన పాత రష్యా జీపు కిందికి దూరాడు. బాగుచేయడానికి కాదు, పాడుచేయడానికి.

ముందు చక్రాలు రెండింటినీ కలిపే టై రాడ్డు చివర ఒక నట్టు ఉంటుంది. దాన్ని కాస్త వదులు చేస్తే, బండి వేగం అందుకోగానే చక్రాలు ఊగిపోతాయి, స్టీరింగు చేతుల్లో గిలగిల కొట్టుకుంటుంది. ఆ రొద కొండ అవతల ఉండే దుల్మా చెవిన పడాలి. "మళ్ళీ వచ్చిందా వణుకు?" అంటూ ఆవిడ బయటికి రావాలి. చేతులు పైకి మడిచి జీపు కింద దూరాలి. నట్టు బిగించాక టీకి పిలవాలి. వేసవి మొదలైనప్పటి నుంచీ నమ్స్రాయ్ బతుకు ఈ కార్యక్రమం మీదే నడుస్తోంది.

మంగోలియా మైదానాల్లో ఎవరైనా ఎవరి గుడారంలోకైనా వెళ్ళి టీ తాగొచ్చు, ఎందుకని అడిగేవాడు లేడు. కాని ఒకే మనిషికి వారం వారం ఒకే గుడారం ముందు దాహం వేస్తే మాత్రం జనం ఊరుకోరు. పైగా దుల్మా భర్త పోయిన మనిషి. ఆయన లారీ నడిపేవాడు. ఆయనతో పాటు దేశమంతా తిరిగి, పానాలు అందిస్తూ అందిస్తూ ఆవిడే మెకానిక్కు అయింది.

నమ్స్రాయ్ భార్య పోయి నాలుగేళ్ళు. సాయంత్రం గొర్రెల్ని మళ్ళించి గుడారంలోకి వస్తే, అతను పెట్టిన వస్తువు పెట్టినచోటే ఉంటుంది. దాన్ని చూస్తే ప్రాణం ఉసూరుమనేది. "ఇంత ఆలస్యమైందేం?" అని ఎవరైనా విసుక్కుంటే చాలనిపించేది. దుల్మా బాగా విసుక్కుంటుంది. అందుకే ఆవిడంటే అతనికి అంత బెంగ.

రేపు ఆవిడ నది అవతలికి, చలికాలపు మకాంకి కదిలిపోతోంది. మంచు పడితే వసంతం దాకా ఆ దారి మూసుకుపోతుంది. టీ గిన్నె చేతిలో ఉండగానే ఇవాళ మనసులో మాట అనెయ్యాలి. వణుకు గట్టిగా ఉంటే టీ కూడా ఎక్కువసేపు పడుతుందన్న ఆశతో నట్టును ఈసారి మరింత వదులు చేసి బయల్దేరాడు.

అదే కొంప ముంచింది. కాస్త వేగం అందుకోగానే జీపు మొత్తం ఊగిపోవడం మొదలెట్టింది. ఎదురుగా ఉన్ని మూటలతో వస్తున్న లారీ ఠక్కున ఆగింది. ఆ దారిలో ఊగే బండిని చూసి ఆగకుండా పోయేవాణ్ణి మనిషి కింద లెక్కపెట్టరు. లారీ డ్రైవరు షరవ్ కిందికి దూకాడు.

"బాబాయ్! నీ చక్రాలేంటి, పెళ్ళిలో తాగిన మేనమామల్లా ఊగుతున్నాయి!"

"దానికది అలవాటేరా. నువ్వెళ్ళు."

"అలవాటా? లోయలో తేలతావ్. దిగు ముందు!"

షరవ్ జాకీ పెట్టి చక్రం లేపాడు. పైనా కిందా పట్టుకుని ఊపితే కదల్లేదు. "బేరింగులు గట్టిగానే ఉన్నాయి," అన్నాడు. కుడీ ఎడమా పట్టుకుని ఊపితే టకటకమంది. "ఇదిగో దొంగ! టై రాడ్డు!" నట్టు బిగించి, ఊడిరాకుండా అడ్డంగా పిన్ను కూడా వేశాడు.

"ఇంక నువ్వు పోయేదాకా కదలదు బాబాయ్."

"సంతోషం," అన్నాడు నమ్స్రాయ్ ఏడుపు మొహం పెట్టి.

లారీ కనుమరుగవగానే మళ్ళీ జీపు కిందికి దూరాడు. పిన్ను పీకి, నట్టు సగం తిప్పాడో లేదో, పక్కన మోటారు సైకిలు ఆగింది. వచ్చినవాడు చోయ్‌దోగ్, వాళ్ళ ఊరివాడే. వాడి చెవిన పడ్డ మాట పొద్దు గుంకేలోగా జిల్లా అంతా తిరిగొస్తుంది.

"అన్నా, కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. బతికే ఉన్నావా?"

"ఉన్నాను. ఏదో చప్పుడొస్తుంటే చూస్తున్నా," అన్నాడు నమ్స్రాయ్, నోటికొచ్చింది చెప్పి.

చోయ్‌దోగ్ మొహం వెలిగిపోయింది. "చప్పుడా! ముందు ఇరుసులోంచా, గేర్‌బాక్సులోంచా?"

"రెండిటికీ మధ్యలోంచి."

"అయితే ముందు షాఫ్టే. తీసేసి నడిపి చూద్దాం. చప్పుడు పోయిందా, అదే దొంగ!"

వద్దనేలోపే ముందు చక్రాలకి శక్తి అందించే ఆ పొడుగాటి షాఫ్టు ఊడొచ్చి వెనక సీట్లో పడుకుంది. జీపు నడిపి చూస్తే, ఎప్పటినుంచో గుర్రుమంటున్న రొద నిజంగానే పోయింది. అది ఉన్నట్టే నమ్స్రాయ్ మర్చిపోయాడు.

"ఇదిగో, ఈ నట్టు కూడా వదులైపోయింది. సమయానికి వచ్చాను కాబట్టి సరిపోయింది!" అని చోయ్‌దోగ్ దాన్ని బిగించి పిన్ను వేశాడు. "పద, కనుమ దాకా తోడొస్తా. నిన్ను ఒంటరిగా వదిలితే నాకు నిద్ర పట్టదు."

కనుమ మీద, మొక్కుకునే రాళ్ళ గుట్ట పక్కన నలుగురు మనుషులు జాకీలూ గ్రీజు డబ్బాలూ పట్టుకుని నిలబడి ఉన్నారు. షరవ్ ఫోను చేసి చెప్పాడట, చక్రాలు ఊడిపోబోయే జీపులో ఓ ముసలాయన వస్తున్నాడని.

"నాకు యాభై ఆరే!" అన్నాడు నమ్స్రాయ్. "బండి బాగైపోయిందయ్యా. మీ కాళ్ళు పట్టుకుంటా, నన్ను వెళ్ళనివ్వండి."

"మొహమాటపడకండి. మీకు కాకపోతే ఎవరికి చేస్తాం?"

ముందు టైర్లు వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చారు. చక్రాలు తిరిగే పిన్నుల దగ్గర సందు లేకుండా సర్దారు. గ్రీజు పట్టే ప్రతిచోటా గ్రీజు కూరారు. అంతా అయ్యాక పులిసిన గుర్రపు పాలు గిన్నె నిండా పోసి, తాగందే కదలనివ్వలేదు. పొద్దు వాలింది.

కనుమ దిగుతుంటే తన బండిలో కూర్చుని గాలి చప్పుడు వినడం నమ్స్రాయ్‌కి అదే మొదటిసారి. వేగం పెంచాడు. స్టీరింగు బుద్ధిమంతురాలిలా చేతిలో ఒదిగి ఉంది. గోతులు వెతుక్కుంటూ పోయాడు. "ఒక్క వణుకు. ఒక్కటంటే ఒక్కటి," అని జీపుని బతిమాలాడు. అది మాట వినలేదు. వెనక్కి తిరిగిపోదామా అనుకున్నాడు. కాని వసంతం దాకా ఆవిణ్ణి చూడకుండా ఎలా ఉండడం? ముందుకే పోనిచ్చాడు.

"కుక్కని పట్టుకోండి!" అని గుడారం ముందు ఆగి, ఆ మైదానాల్లో తలుపు తట్టే పద్ధతిలో ఎప్పట్లాగే కేకేశాడు.

దుల్మా తాళ్ళతో కట్టిన పెట్టెల మధ్యనుంచి వచ్చింది. "మీరా! బండి చప్పుడే వినబళ్ళేదు. ఇంత ఆలస్యమైందేం? ఏమైంది దానికి?"

"ఏం కాలేదు."

"ఏం కాకపోతే ఎందుకొచ్చారు?"

ఆ ఒక్క ప్రశ్నకీ జవాబు వేసవంతా నమ్స్రాయ్ దగ్గరే ఉంది. అది నోటిదాకా మాత్రం రాదు. టోపీ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. దుల్మా అతన్నీ జీపునీ మార్చి మార్చి చూసి, చేతులు పైకి మడిచి బండి కిందికి దూరింది. కాసేపటికి కిందనుంచి కేక వినబడింది.

"ఈ పిన్ను ఎవడు వేశాడు?"

"దారిలో మంచివాళ్ళు..."

"వాళ్ళ చేతులు విరగ! గట్టిగా బిగిస్తే మీరు రారు. మరీ వదిలేస్తే దారిలోనే పోతారు. సరిగ్గా వారానికి వదులయ్యేట్టు బిగించడమంటే మాటలనుకున్నారా? వేసవంతా నేను పడ్డ కష్టం మట్టిపాలు చేశారు!"

నమ్స్రాయ్‌కి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆ తర్వాత నేలమీద చతికిలబడి, జీపు కిందికి తొంగిచూస్తూ, సిగ్గుతో చచ్చిపోతూ చెప్పాడు. "అది వారం దాకా ఆగేది కాదండీ. నేనే విప్పేసేవాణ్ణి."

కింద పానా చప్పుడు ఆగిపోయింది. దుల్మా మెల్లిగా బయటికొచ్చి అతని పక్కనే కూర్చుంది. ముక్కు మీద గ్రీజు మరక.

"మీరు రేపు వెళ్ళిపోతే," అన్నాడు నమ్స్రాయ్ చక్రం వైపే చూస్తూ, "నేనింక ఎక్కడ ఆగాలో నాకు తెలీదు దుల్మా గారూ."

దుల్మా కళ్ళు తుడుచుకోబోయి, చేతికి గ్రీజు ఉందని మానేసింది. "వెనక సీట్లో పడున్న ఆ షాఫ్టు నేను బిగిస్తాను, నది దాటాలంటే నాలుగు చక్రాలూ లాగాలి కదా. రేపు నా సామాను ఈ జీపులోనే వేద్దాం."

"తర్వాత?"

"తర్వాత అక్కడ ఇది పాడైపోతుంది."

"ఏం పాడవుతుంది? అన్నీ బాగుచేసేశారుగా."

ఆవిడ డాక్టరులా కాసేపు ఆలోచించింది. "గేర్‌బాక్సు. అది చూడాలంటే వసంతం దాకా పడుతుంది."

"మరి నా గొర్రెలు?"

"వాటినీ తోలుకొచ్చెయ్యండి. వాటికి గేర్‌బాక్సు లేదుగా."

ఆ ఏడు నది అవతల మంచు నడుము లోతున పడింది, వసంతం కూడా ఆలస్యంగానే వచ్చింది. గేర్‌బాక్సు మూత మాత్రం ఎవరూ విప్పలేదు.