నడిమధ్యలో తూటు

వీధి కొళాయి కింద బిందె సగం నిండింది. గోమతి ఆ బిందె అంచు మీద పది వేళ్ళూ ఆడిస్తూ నిలబడి ఉంది. గుడియాత్తంలో ఎనిమిదేళ్ళుగా టైపు నేర్పుతున్న మనిషి కాబట్టి ఆమె వేళ్ళు ఆడడం వీధికి కొత్త కాదు. ఈమధ్య వేళ్ళతో పాటు పెదవులు కూడా కదులుతున్నాయి. అదే కొత్త.

"ఏమ్మా గోమతీ, పొద్దున్నే తొందరపడతా ఉండావే?" అంది వెనక నిలబడిన పొన్నమ్మ.

"వేలూరుకి పోవాలక్కా."

"వేలూరుకా! ఏం పని?"

"ఊరికే."

గుడియాత్తం నుంచి ఊరికే వేలూరు పోయేవాళ్ళు లేరు. పొద్దున బస్సుకి పోయేది పెద్దాసుపత్రికి, లేదంటే కోర్టుకి, అదీ కాకపోతే జైల్లో ఉన్నవాళ్ళను చూడడానికి. గోమతికి భూమి తగాదాలు లేవు, చుట్టాల్లో దొంగలు లేరు. పొన్నమ్మకు మిగిలింది ఒకటే. ఆమె తన బిందె అక్కడే వదిలేసి గోమతి అత్త రాజాంబాళ్ దగ్గరికి నడిచింది.

నిజానికి గోమతి పోతున్నది కంప్యూటర్ క్లాసుకి. వీధి చివర ఆమె పనిచేసే జానకిరామన్ సార్ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో సగం మిషన్ల మీద గుడ్డ కప్పే ఉంటోంది. ఊళ్ళో ఎస్టీడీ బూతులు వెలిశాక, చేరడానికి వచ్చిన పిల్లలు మెట్ల మీదే నిలబడి "కంప్యూటర్ ఉండాదా సార్?" అని అడిగి పోతున్నారు. ఆంబూరులో ఒక చెప్పుల ఫ్యాక్టరీ వాళ్ళు కంప్యూటర్ తెలిసిన మనిషి కావాలన్నారు. గోమతి వేలూరులో చేరి ఆర్నెల్లయింది. ఈ రోజు పది గంటలకు ఆఖరి పరీక్ష. నెల రోజులు కూర్చుని చేసిన పనంతా ఒక నల్లని పల్చని ఫ్లాపీలో ఉంది. దాన్ని చూపించి పరీక్షలో నెగ్గితే ఆంబూరు ఉద్యోగం ఆమెదే.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. సార్‌కి తెలిస్తే ఉన్న పని పోతుంది. అత్తకు చెప్పడమంటే గుడి మైకులో చెప్పినట్టే. పైగా గడప దాటేవాళ్ళను యాడికి అని అడగరాదు, పోయే పని చెడుతుంది అన్నది రాజాంబాళ్ ఆ ఇంట్లో పెట్టిన చట్టం. ఆ చట్టం నీడలోనే గోమతి ఆర్నెల్లు నెట్టుకొచ్చింది.

గోమతి నీళ్ళు దించి స్నానానికి పోయేసరికి, పొన్నమ్మా రాజాంబాళూ ఆమె సంచి ముందు కూర్చుని ఉన్నారు. రాజాంబాళ్ సంచిలోంచి నల్లని వస్తువును తీసి, పెరట్లో ఎండకు ఎత్తి పట్టి చూసింది.

"ఎక్స్‌రేనే," అంది పొన్నమ్మ.

"ఎముకలే కనపడలేదే!"

"ఎముకలు కాదు, నడిమధ్యలో చూడక్కా."

నడిమధ్యలో గుండ్రంగా, రూపాయి బిళ్ళకన్నా పెద్ద తూటు. అందులోంచి ఎండ వచ్చి రాజాంబాళ్ ముక్కు మీద పడింది.

"అయ్యో నా తల్లీ, గుండెకాయ కాడ తూటు పడిండాదే!"

ఆమె కేకకు కొడుకు దొరస్వామి అద్దం ముందు నుంచి దువ్వెనతోనే పరుగెత్తుకొచ్చాడు. అతను ఇళ్ళు కట్టే మేస్త్రీ. ఇటుకలు మోసిన రోజుల్లో కూడా గుడ్డ చుట్టి కాపాడుకున్న ఉంగరాల జుట్టు అతనిది. ఎక్స్‌రేను తీసుకొని తూటు చుట్టూ వేలితో తడిమాడు.

"చుట్టూ పగుల్లేదమ్మా. నేను డ్రిల్లు పెట్టినా ఇంత గుండ్రంగా రాదు," అన్నాడు. అని కూలబడ్డాడు.

రాజాంబాళ్ దాన్ని దేవుడి గూట్లో పెట్టింది. తూటు చుట్టూ తడి పసుపు పూసి, కుంకుమ అద్ది, దోసెడు విభూతి చల్లింది. "పళ్ళికొండ రంగనాథా! నా కోడలు వేలూరు నుంచి నవ్వుతా తిరిగొస్తే నా కొడుకు జుట్టు నీకిస్తా సామీ."

"ఇయ్యమ్మా, ఇయ్యి," అన్నాడు దొరస్వామి కళ్ళు తుడుచుకుంటూ.

పొన్నమ్మ అప్పటికే వీధిలోకి పోయింది.

గోమతి జడ వేసుకొని వచ్చేసరికి పీట వేసి ఉంది. పీట ముందు నెయ్యి వేసిన ఇడ్లీలు. కాపురానికొచ్చిన ఎనిమిదేళ్ళలో అత్త తనకు పీట వేయడం ఇదే మొదలు. గోమతి పీట అంచున కూర్చుంది.

"అత్తా, మీకు తెలిసిపోయిందా?"

"తెలిసింది తల్లీ. ఇన్నాళ్ళూ ఒక్కదానివే పడినావా?"

"చెబుదామనే అనుకున్నా. భయమేసింది."

"అక్కడ ఎట్లుంటాదమ్మా?"

"రొంబ చల్లగా ఉంటాదత్తా. ఏసీ గది, గాజు తలుపు. చెప్పులు బయటే వదలాల. వేరేవాళ్ళను లోపలికి రానీరు."

దొరస్వామి గోడ వైపు తిరిగాడు.

"నొప్పి ఉంటాదా?"

"మెడ లాగతాది. కళ్ళు మండతాయి. పర్వాలేదు, అలవాటైపోయింది. ఈ పూటతో అంతా తేలిపోతాది."

"అట్లనకే!" అని రాజాంబాళ్ ఇంకో ఇడ్లీ పెట్టింది.

అత్తింటివాళ్ళు ఇంత మంచివాళ్ళని తెలియక ఆర్నెల్లు దాచానే అనుకుంటూ గోమతి చేయి కడుక్కుంది. సంచి తీసింది. ఫ్లాపీ లేదు. సంచి బోర్లించి దులిపింది. "నల్లగా, పలకమాదిరి ఒకటుండాలే!" అంటుండగానే వాకిట్లో స్కూటరు ఆగింది.

జానకిరామన్ సార్ రెండు లేత కొబ్బరి బోండాలతో లోపలికి వచ్చాడు. వెనకే పొన్నమ్మ. గోమతి సంచిని వెనక్కి దాచుకుంది. ఈయన ముందు ఫ్లాపీ మాట ఎత్తడమెట్లా?

"పొన్నమ్మ చెప్పిందమ్మా. ఇంత కష్టంలో ఉండి నాకొక మాట చెప్పలేదే," అన్నాడు సార్. బోండాలు కింద పెడుతుంటే ఆయన చూపు దేవుడి గూటి మీద పడింది. దగ్గరికి పోయి కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"దీనికి బొట్టెవరు పెట్టినారు?"

"నేనే సార్," అంది రాజాంబాళ్. "మీరూ చూడండి, నడిమధ్యలో తూటు."

"ఇది నాకు కూడా ఉండాదే!"

"అయ్యో, మీకూనా!" పొన్నమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"నాకు రెండుండాయి."

"రెండు తూట్లతో ఎట్ల తిరగతా ఉండారు సార్?"

సార్ తన సంచిలోంచి రెండు తీసి చూపించాడు. అదే నలుపు, అదే చోట అదే తూటు. "ఇది రోగం కాదమ్మా, కంప్యూటర్‌ది. ఈ తూటు పుట్టుకతోనే ఉంటాది." తర్వాత గోమతి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నేనూ ఆదివారాలు వేలూరు పోతా ఉండా. కంప్యూటర్లు తెస్తే నీకు భయమేసి పోతావేమోనని చెప్పలా."

"మీరు తీసేస్తారని నేను చెప్పలేదు సార్."

అప్పుడు గోమతి తన ఫ్లాపీని చేతిలోకి తీసుకుంది. వంచితే పసుపు నీళ్ళు కారాయి. విభూతి రాలింది.

"దీన్ని పెడితే మిషన్‌కే జబ్బు చేస్తాది," అన్నాడు సార్.

గోమతి అక్కడే పీట మీద కూర్చుండిపోయింది. "నెల రోజుల పని సార్. పదింటికి పరీక్షలో ఇది చూపిస్తేనే ఆంబూరు ఉద్యోగం."

రాజాంబాళ్ చేతులు నలుపుకుంటూ నిలబడింది. ఆమెకు కంప్యూటర్ అర్థం కాలేదు గానీ, కోడలి ముఖం అర్థమైంది.

"ఆ పనంతా తలలో ఉండాదా, లేదా?" అన్నాడు సార్.

"ఉండాది సార్."

"కళ్ళు మూసుకొని కొట్టే వేళ్ళమ్మా అవి. ముందుగా పోయి, పది లోపల మళ్ళా కొట్టు. పాసయినాక ఆంబూరు పోతావో, నా కాడుంటావో నీ ఇష్టం."

"దొరా, ఏం చూస్తా ఉండావు? సార్ బండి తీ!" అంది రాజాంబాళ్.

దొరస్వామి తల కూడా పూర్తిగా దువ్వుకోకుండా భార్యను ఎక్కించుకొని వేలూరు దారి పట్టాడు. పళ్ళికొండ గోపురం కనిపించినప్పుడు ఒక చేయి వదిలి దండం పెట్టాడు.

సాయంత్రం గోమతి నవ్వుతూ తిరిగొచ్చింది. నెల రోజుల పనిని గంటన్నరలో కొట్టిన వేళ్ళను చూడడానికి పరీక్ష పెట్టినాయనే కుర్చీ జరుపుకొని వచ్చాడట. వచ్చే నెల నుంచి ఆంబూరు, సాయంత్రాలు సార్ దగ్గర. పొన్నమ్మ తూటు ముచ్చట మళ్ళీ మొదటినుంచి చెబుతుంటే అందరికన్నా గట్టిగా నవ్వింది దొరస్వామే. నవ్వి నవ్వి తలెత్తేసరికి, అమ్మ తన జుట్టు వైపు చూస్తోంది.

"ఏమ్మా? రోగమే లేదు కదా!"

"నేను రోగానికి మొక్కలేదు నాయనా. నవ్వుతా తిరిగొస్తే అని మొక్కినా. ఎట్ల వచ్చిందో నువ్వే చూడు."

"పళ్ళికొండ సామి పడుకొని ఉంటాడు కదమ్మా. విన్నాడో లేదో."

"పడుకోనే ఉంటాడు. నిద్రపోడు."

మరునాడు పొద్దున దొరస్వామి తలకు నూనె రాసుకొని అద్దం ముందు చాలాసేపు దువ్వుకున్నాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. గడప దాటి వెళ్ళిపోయాడు.

యాడికి అని ఇంట్లో ఎవరూ అడగలేదు, పోయే పని చెడుతుందని.